పద్మిని కార్బరేటర్: ఐడ్లింగ్ నిలబడదు, ప్లగ్గులేమో నల్లగా వస్తున్నాయి

గోదారి పద్మిని
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. నాన్నగారి 1985 ప్రీమియర్ పద్మిని మా దగ్గరే ఉంది. ఆయన పోయాక రెండేళ్ళు షెడ్డులోంచి కదల్లేదు. పోయిన నెల కొత్త బ్యాటరీ వేసి, ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి స్టార్ట్ చేస్తే పది సెల్ఫులకి అందుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. అందుకే ఈ బండిని ఎలాగైనా సరిగ్గా నడిపించాలని నా పట్టుదల.

సమస్య ఏంటంటే, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఆగిపోతోంది. మొన్న ఆదివారం కొవ్వూరు వెళ్ళొస్తుంటే రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద మూడుసార్లు ఆగింది, వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది, చాలా టెన్షన్ పడ్డాను. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) కొంచెం లాగి పెడితే ఐడ్లింగ్, అంటే కాలు తీసినా ఇంజను మెల్లగా తిరుగుతూ ఉండటం, నిలబడుతుంది. కానీ రోడ్డు మీద పెట్రోలు వాసన గుప్పుమంటోంది, మైలేజీ ఎనిమిది కూడా రావట్లేదు. ఇక్కడ ఒక మెకానిక్ కార్బరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి ఇచ్చేది) చూసి "దీన్ని పారేసి వేరే బండి కార్బరేటర్ వేసేద్దాం" అన్నాడు. నాకు ఇష్టం లేదు. నేనే విప్పి కడుగుదామనుకుంటున్నాను. పనిముట్లు ఉన్నాయి, ఓపిక ఉంది, అనుభవం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్ చెయ్యి
తమ్ముడూ, వేరే బండిది వేయించకు. నీ బండిలో ఉన్నది సోలెక్స్ సింగిల్ బ్యారెల్, మద్రాసు కార్బ్యురేటర్స్ లిమిటెడ్ వాళ్ళు సోలెక్స్ లైసెన్సు మీద చేసిన రకం. 1089 సీసీ ఇంజనుకి కొలిచి పెట్టిన సరుకు అది. బెజవాడలో ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఇలాంటివి వందల్లో విప్పాను, బాడీ పగలకుండా ఉంటే బాగవనిది దాదాపు లేదు.

విప్పే ముందు మాత్రం కొన్ని చూసి చెప్పు. నాలుగు ప్లగ్గులూ తీసి ఏ రంగులో ఉన్నాయో చూడు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, లోపల కరెంటు కలిపి విడదీసే పాయింట్లు కాలిపోయాయేమో చూసి గ్యాప్ కొలువు. కార్బరేటర్ అని తెచ్చిన బండ్లలో సగం వాటికి జబ్బు పాయింట్ల దగ్గరో కండెన్సర్ దగ్గరో ఉంటుంది. ఇంకోటి, ఇది అన్నిటికంటే ముఖ్యం, ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఇంజను స్టార్ట్ చెయ్యకు, పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి పొర) చిరిగినట్టు, లేదా ఫ్లోట్ నీడిల్ (కార్బరేటర్ గిన్నె నిండగానే తేలే ఫ్లోట్ నెట్టితే పెట్రోలు ఆపే వాల్వు) పట్టక పొంగి కిందికి దిగుతున్నట్టు. పల్చబడిన ఆయిల్‌తో తిప్పితే బేరింగులు పోతాయి.

గోదారి పద్మిని
చూశాను అన్నా. ఆయిల్ మామూలుగానే ఉంది, వాసన లేదు. పాయింట్లు కొత్తవి వేసి 0.4 మిల్లీమీటరు పెట్టాను, కండెన్సర్ కూడా మార్చాను. తేడా ఏమీ లేదు. ప్లగ్గులు నాలుగూ మసి పట్టి నల్లగా ఉన్నాయి, వేలితో తుడిస్తే కాటుకలా అంటుతోంది.

నాకు అర్థం కానిది ఇదే. చోక్ లాగితే నిలబడుతోందంటే పెట్రోలు తక్కువవుతున్నట్టు కదా? మరి ప్లగ్గులు నల్లగా ఉన్నాయంటే ఎక్కువవుతున్నట్టు. రెండూ ఒకే కార్బరేటర్‌లో ఎలా?

ఆటోనగర్ చెయ్యి
సరైన ప్రశ్న అడిగావు. రెండూ ఒకేసారి ఉండొచ్చు, ఎందుకంటే ఐడ్లింగ్‌కి పెట్రోలు వచ్చే దారి వేరు, పరుగులో వచ్చే దారి వేరు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ ప్లేటు (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే రేకు) దాదాపు మూసి ఉంటుంది, పైలట్ జెట్ (కొలిచిన సన్న బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క) గుండా వచ్చిన కొద్దిపాటి పెట్రోలు ప్లేటు కింద ఉన్న చిన్న బెజ్జంలోంచి దిగుతుంది. ఆ సమయంలో మేనిఫోల్డ్‌లో (కార్బరేటర్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టంలో) గుంజుడు బాగా ఉంటుంది కాబట్టి ఎక్కడ సన్న సందు దొరికినా గాలి దూరిపోతుంది. కాలు నొక్కి ప్లేటు తెరిస్తే మెయిన్ జెట్ అందుకుంటుంది, అప్పుడు ఆ సన్నటి లీకు లెక్కలోకి రాదు.

అంటే నీ బండిలో పైలట్ జెట్ పూడి ఉండాలి, లేదా కింద ఎక్కడో గాలి తీసుకుంటూ ఉండాలి. అది ఒక జబ్బు. మెయిన్ వైపు పెట్రోలు ఎక్కువ పోవడం ఇంకో జబ్బు. విప్పు, చూద్దాం.

వరంగల్ అంబీ
విప్పేటప్పుడు నేను చేసిన పొరపాట్లు చెప్తా, మీరు చెయ్యకండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. ఆరుబయట చెయ్యండి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్, అగరబత్తి ఏదీ ఉండకూడదు. ఎయిర్ క్లీనర్ తీసిన వెంటనే కార్బరేటర్ నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టండి, ఒక్క వాషర్ లోపల పడిందంటే మేనిఫోల్డ్ విప్పాల్సిందే. లింకు రాడ్లు, చోక్ కేబుల్ ఎటు నుంచి ఎటు ఉన్నాయో ఫోన్‌లో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి.

బల్ల మీద పాత తెల్ల దుప్పటి పరిచి దాని మీద విప్పండి. కిందపడిన చిన్న బాల్ గానీ స్ప్రింగు గానీ గుడ్డ మీద ఆగుతుంది, నేల మీదైతే దొర్లిపోతుంది. నా అంబాసిడర్‌ది సిమెంటు గచ్చు మీద విప్పితే యాక్సిలరేటర్ పంపు (కాలు నొక్కగానే పెట్రోలు చిమ్మే చిన్న పంపు) వాల్వు బాల్ ఎటు పోయిందో ఈరోజుకీ దొరకలేదు, దాని కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగాను.

జెట్లకి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ కావాలి. ఇత్తడి మెత్తన, సన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల చిట్లుతుంది. పట్టేసి ఉంటే రాత్రంతా నూనె వేసి వదిలెయ్యండి.

డల్లాస్ ఎంజీబీ
నేను గుంటూరు వాణ్ణి, టెక్సాస్‌లో ఉంటాను, నా దగ్గర 1970 ఎంజీబీ ఉంది. దానికి రెండు ఎస్‌యూ కార్బరేటర్లు, పిస్టన్ పైకి లేస్తూ నీడిల్‌తో పెట్రోలు కొలిచే పద్ధతి, సోలెక్స్‌తో పోలికే లేదు. కానీ కడిగే పని ఎక్కడైనా ఒకటే కాబట్టి రెండు మాటలు చెప్తాను.

రబ్బరు, డయాఫ్రం, ప్యాకింగులు, ప్లాస్టిక్ ఫ్లోట్ ఉంటే అదీ, అన్నీ తీసి పక్కన పెట్టాకే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టండి, లేకపోతే అవి ఉబ్బిపోతాయి. కళ్ళద్దాలు తప్పనిసరి. ఒక బెజ్జంలో కొడితే ఇంకో బెజ్జంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది, నాకు అలా జరిగి ఆస్పత్రికి వెళ్ళాను. ఇత్తడి ఫ్లోట్ అయితే వేడి నీళ్ళలో ముంచి పట్టుకోండి, బుడగలు వస్తే దానికి చిల్లి ఉన్నట్టే.

ఇథనాల్ పెట్రోలు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంది. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది, బండి నిలబెట్టేస్తే గిన్నె అడుగున తెల్ల పొడి పేరుకుంటుంది. పాత రకం రబ్బరు గొట్టాలు లోపలి నుంచి మెత్తబడి రేణువులు రాలుస్తాయి. ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ మళ్ళీ జెట్ పూడుతోందంటే గొట్టాన్ని అనుమానించాలి.

గోదారి పద్మిని
నిన్న విప్పాను. పై మూత స్క్రూలు ఐదు నిమిషాల్లో వచ్చాయి గానీ మూత లేవడానికి అరగంట పట్టింది, పాత ప్యాకింగు బెల్లం పాకంలా అంటుకుపోయింది. మూత ఎత్తగానే పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఘాటు వాసన. గిన్నె అడుగున తేనె రంగులో గట్టి పొర, దాని మీద అక్కడక్కడా ఉప్పులా తెల్లగా. నీడిల్ వాల్వు మొన చుట్టూ ఒక సన్న గాడి పడింది, గోరు పెడితే తగులుతోంది.

మెయిన్ జెట్ గిన్నె బయటి నుంచే పెద్ద బోల్టుతో పాటు వచ్చేసింది. లోపలి నుంచి ఎయిర్ కరెక్షన్ జెట్ (గాలి కొలిచే జెట్) తీస్తే దాని కింద ఎమల్షన్ గొట్టం (పెట్రోలులో గాలి కలిపే సన్న గొట్టం) ఉంది, అగ్గిపుల్లంత కూడా లేదు, పక్కల బెజ్జాలు సగం పూడిపోయి ఉన్నాయి. పైలట్ జెట్ వెలుతురుకి పెట్టి చూస్తే చీకటి. మొత్తానికి పూడిపోయింది!

జెట్ బెజ్జంలో గుండుసూది పెట్టి తియ్యొచ్చా? ఇంట్లో సన్న ఇనప తీగ కూడా ఉంది.

ఆటోనగర్ చెయ్యి
వద్దు. సూది వద్దు, తీగ వద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. జెట్ మీద ఉన్న నంబరు సుమారుగా ఆ బెజ్జం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 115 అని ఉంటే 1.15 మిల్లీమీటరు. సూదితో ఒక్కసారి గీరినా ఇత్తడి అరుగుతుంది, బెజ్జం అంచు చెదురుతుంది, అప్పుడు ఆ నంబరుకి విలువ లేదు. చేపల గేలానికి వాడే నైలాన్ దారం ముక్క వాడు, లేదా చీపురు పుల్ల చివర నానబెట్టి వాడు. రాత్రంతా కార్బ్ క్లీనర్‌లో వేసి ఉంచి పొద్దున గాలి కొట్టు. గాలి కూడా పెట్రోలు వచ్చే దారికి ఎదురు దిక్కు నుంచి కొట్టు, చెత్త వచ్చిన దారినే పోతుంది.

మెయిన్ జెట్ మీద నంబరు ఎంత ఉంది? డ్రిల్ బిట్ల సెట్ ఉంటే బిట్ వెనక వైపు, నున్నగా ఉండే కాడ, దాంతో మెల్లగా దూరుతుందో లేదో చూడు. తిప్పకు, తొయ్యకు.

కడప డెంట్
మా వీధిలో ఒకాయన చింతపండు రసంలో నానబెట్టి ఇత్తడి బిందెలా మెరిపించాడు. అది పనికొస్తుందా?

ఆటోనగర్ చెయ్యి
రాగి బిందెకి మంచిది, దీనికి కాదు. బాడీ మజాక్, అంటే జింకు ఎక్కువగా ఉండే పోత లోహం. పులుపు గానీ బాత్రూం యాసిడ్ గానీ తగిలితే తినేస్తుంది. పైకి మెరుస్తుంది, లోపల సన్న దారుల గోడలు గరుకై మళ్ళీ తొందరగా పూడతాయి. స్ప్రే, గాలి, మెత్తటి బ్రష్షు, అంతే చాలు.

గోదారి పద్మిని
జెట్ మీద 115 అని ఉంది అన్నా. కానీ 1.2 బిట్ కాడ హాయిగా దూరిపోయింది, 1.25ది కూడా పట్టీ పట్టకుండా వెళ్ళింది. భూతద్దంతో చూస్తే బెజ్జం గుండ్రంగా లేదు, ఒక పక్క గీతలున్నాయి.

ఆటోనగర్ చెయ్యి
దొరికింది. నీ మెయిన్ వైపు జబ్బు ఇదే. ఎవరో ఎప్పుడో బండి పికప్ లేదని తీగతోనో బిట్‌తోనో పెద్దది చేశారు. అసలు కారణం వెతక్కుండా పెట్రోలు పెంచి సరిపెట్టారు. ఆ కారణం ఇంకా లోపలే ఉంటుంది, చూస్తూ ఉండు.

కొత్త జెట్ కొను, నంబరు వర్క్‌షాప్ మాన్యువల్‌లో నీ కార్బరేటర్ మోడల్‌కి ఏముందో చూసి కొను. పాతదాని మీదున్న నంబరే అసలుదని అనుకోకు, జెట్టే మార్చేసి ఉండొచ్చు. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో గానీ మా ఆటోనగర్‌లో గానీ దొరుకుతుంది. కిట్ తీసుకో, నీడిల్ వాల్వు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, ప్యాకింగులు వస్తాయి.

గోదారి పద్మిని
పది రోజులకి మళ్ళీ వస్తున్నాను, మంచి వార్త కాదు. కిట్ వచ్చింది, మాన్యువల్ చూసి జెట్ కొన్నాను, అన్నీ కడిగి బిగించాను. ఇప్పుడు అసలు ఐడ్లింగే లేదు, యాక్సిలరేటర్ నొక్కితే కూడా దగ్గుతోంది. ముందున్న దానికంటే అధ్వాన్నం. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు, నాన్నగారి బండిని నేనే పాడు చేశానా అనిపించింది.

వరంగల్ అంబీ
అలా అనుకోకండి అన్నా, కిట్ వేశాక పాడవడం చాలామందికి జరిగింది. ముందు పై మూత తీసి కొత్త ప్యాకింగు మీద పాత ప్యాకింగు ముక్కలు పెట్టి పోల్చండి. ఇప్పుడొచ్చే కిట్లలో ఒక్కోదాంట్లో ఒక బెజ్జం తక్కువ ఉంటుంది లేదా పక్కకి జరిగి ఉంటుంది, గాలి దారి మూసుకుపోతుంది. నా దానికి సరిగ్గా అదే.

ఇంకోటి నీడిల్ వాల్వు కింద వాషరు. సోలెక్స్‌లో పెట్రోలు మట్టం ఆ వాషరు మందంతోనే మారుతుంది. కిట్‌లో వచ్చింది పల్చనిదైతే వాల్వు పైకి జరుగుతుంది, మట్టం పెరుగుతుంది. పాతది పారెయ్యలేదు కదా? పక్కపక్కన పెట్టి కొలవండి.

గోదారి పద్మిని
మీకు దణ్ణం పెట్టాలి. పాత ప్యాకింగు తడిపి అతికించి కొత్తదాని మీద పెట్టాను. యాక్సిలరేటర్ పంపు పక్కన సన్న బెజ్జం ఉండాల్సిన చోట కొత్తదాంట్లో నిండు కాగితం! పాతదాని అచ్చు గీసుకుని గాస్కెట్ షీటు కొని కత్తిరించాను, బెజ్జాలకి తోలు చెప్పుల వాళ్ళు వాడే పంచ్ వాడాను. వాషరు కూడా తేడా ఉంది, పాతది శుభ్రం చేసి పెట్టాను.

ఇప్పుడు రోడ్డు మీద చాలా బాగుంది, దగ్గు లేదు. ఐడ్లింగ్ మాత్రం పైకీ కిందకీ ఊగుతూ రెండు నిమిషాల్లో ఆగిపోతోంది. వాల్యూమ్ స్క్రూ (ఐడ్లింగ్‌కి దిగే మిశ్రమం సర్దే స్క్రూ) ఎటు తిప్పినా మార్పు లేదు.

ఆటోనగర్ చెయ్యి
ఇప్పుడు మిగిలింది ఆ పాత జబ్బు. నీళ్ళ స్ప్రే సీసా తీసుకో, ఇంట్లో ఇస్త్రీకి వాడేది చాలు. పెట్రోలు గానీ క్లీనర్ స్ప్రే గానీ వేడి ఇంజను మీద కొట్టకు, మంట లేస్తుంది. ఇంజను ఎలాగోలా తిరుగుతుండగా కార్బరేటర్ కింది ఫ్లాంజి (మేనిఫోల్డ్ మీద కూర్చునే అంచు) చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టు, ఆ తర్వాత థ్రాటిల్ షాఫ్ట్ (ప్లేటుని తిప్పే ఇరుసు) రెండు చివర్ల దగ్గర కొట్టు. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజను చప్పుడు మారుతుందో అక్కడే గాలి దూరుతోంది. తర్వాత ఇంజను ఆపి షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడు.

గోదారి పద్మిని
షాఫ్ట్ దగ్గర! యాక్సిలరేటర్ లింకు ఉన్న వైపు నీళ్ళు పడగానే ఊగుడు ఆగి చప్పుడు మారింది, రెండు సెకన్లే, నీళ్ళు ఆరగానే మళ్ళీ మొదలు. ఊపి చూస్తే టక్ టక్ మంటోంది. ఫ్లాంజి కూడా అద్దం పలక మీద పెడితే మధ్యలో సన్న వెలుతురు కనిపిస్తోంది, ఎవరో నట్లు బలంగా బిగించి వంచేశారు.

ఆటోనగర్ చెయ్యి
ఇదే కారణం. ఈ లీకు వల్ల ఐడ్లింగ్ పోతే, అప్పట్లో ఎవరో పెట్రోలు చాలట్లేదని జెట్ పెద్దది చేశారు. అందుకే నీకు రెండు ఎదురెదురు జబ్బులు కనిపించాయి.

ఫ్లాంజి నువ్వే చెయ్యొచ్చు. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ కాగితం పెట్టి కొంచెం నూనెతో, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దు, చదునయ్యేదాకా మాత్రమే. షాఫ్ట్ పని లేత్ వాడికి ఇవ్వాలి, బాడీ బెజ్జం పెద్దది చేసి ఇత్తడి బుష్షు (షాఫ్ట్ తిరిగే చిన్న గొట్టం ముక్క) ఎక్కించి షాఫ్ట్‌కి సరిపోయేలా రీమర్ (బెజ్జం నున్నగా సరిచేసే పనిముట్టు) పెట్టాలి. రెండు బుష్షులూ ఒకే వరసలో రావాలి, లేకపోతే షాఫ్ట్ బిగిసిపోతుంది.

షాఫ్ట్ తీసేముందు ప్లేటుకి ఉన్న రెండు చిన్న స్క్రూలు చూడు. ఊడిపోకుండా వాటి వెనక చివర కొట్టి వెడల్పు చేసి ఉంటారు. అలాగే తిప్పితే విరుగుతాయి, ముందు ఆ చివర ఆకురాయితో అరగదియ్యి. ప్లేటు అంచు ఏటవాలుగా ఉంటుంది, ఎటు పైకి ఉందో గీత పెట్టుకో. మళ్ళీ బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి చివర మళ్ళీ కొట్టించు. ఆ స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది.

నెల్లూరు క్లాసిక్
ఒక సందేహం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కదా, దానికి పెట్రోలు కొంచెం ఎక్కువ పోవాలంటారు. అలాంటప్పుడు పెద్ద జెట్ ఉండటం మంచిదే కదా? పాతది ఉంచుకోవచ్చేమో.

డల్లాస్ ఎంజీబీ
మాట నిజమే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కొంచెం పల్చబడుతుంది. ఎండాకాలం లాంగ్ డ్రైవ్‌లో ప్లగ్గులు తెల్లబడుతున్నాయంటే ఒక సైజు పెద్ద జెట్ వెయ్యొచ్చు. కానీ నంబరు తెలిసిన కొత్త జెట్ వెయ్యాలి, గీరిన జెట్ కాదు. పైగా ఈయన ప్లగ్గులు నల్లగా ఉన్నాయి. ముందు అసలు నంబరుతో నడిపి ప్లగ్గులు చూశాకే మార్పు.

జెట్ కంటే గొట్టాలు ముందు చూడండి. ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి కార్బరేటర్‌కి ఉన్న రబ్బరంతా ఇథనాల్‌కి తట్టుకునే రకం వెయ్యండి. ఆర్9 అని రాసి ఉన్నది, లోపల వైటన్ (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) పొర ఉంటుంది.

గోదారి పద్మిని
మూడు వారాలు పట్టింది. లేత్ షాపాయన పెద్దాయన, బుష్షులు ఎక్కించి షాఫ్ట్ దూర్చి నా చేతికిచ్చి "తిప్పి చూడు బాబూ" అన్నాడు. ఇప్పుడు ఊపితే కదలదు, తిప్పితే మాత్రం తన బరువుకే తిరుగుతోంది. లేత్ కూలి, బుష్షులు, కిట్, జెట్, గొట్టాలు అన్నీ కలిపి నాకు నాలుగు వేల లోపే అయింది.

నిన్న ఉదయం బిగించాను. వాల్యూమ్ స్క్రూ మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీశాను. ఇరవై నిమిషాలు నడిపి ఇంజను బాగా వేడెక్కాక అన్న ఫోన్‌లో చెప్పినట్టే చేశాను, స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ ఇంజను ఎక్కడ ఎక్కువ వేగంగా, నున్నగా తిరుగుతుందో పట్టుకుని, అప్పుడు థ్రాటిల్ స్క్రూ తగ్గించి, మళ్ళీ వాల్యూమ్ స్క్రూ. నాలుగు విడతలు. ఇప్పుడు స్క్రూ పావు చుట్టు తిప్పినా చప్పుడులో తేడా వినిపిస్తోంది, ఇంతకు ముందు అసలు పలికేదే కాదు. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి గానీ తొణకడం లేదు.

సాయంత్రం అమ్మని ఎక్కించుకుని కొవ్వూరు వెళ్ళొచ్చాను. బ్రిడ్జి మీద కావాలనే ఒకసారి న్యూట్రల్ చేసి కాలు తీశాను. ఆగలేదు. అమ్మ ఏమీ అనలేదు, కిటికీ అద్దం దించుకుని గోదారి చూస్తూ కూర్చుంది. ఈ రోజు కడియం దాకా వెళ్ళొచ్చి ప్లగ్గులు తీశాను, ముందు రెండూ బిస్కట్ రంగు, వెనక రెండూ కొంచెం ముదురు. మైలేజీ ట్యాంకు నింపి కొలవాలి.

ఆటోనగర్ చెయ్యి
చాలా సంతోషం తమ్ముడూ. వెనక రెండూ ముదురుగా ఉంటే ఇంకో రెండు వందల కిలోమీటర్లు నడిపి చూడు, అలాగే ఉంటే ఇంజను వాల్వుల క్లియరెన్సు (వాటి దగ్గర ఉండాల్సిన సన్న సందు) చూద్దాం. కొత్త ప్యాకింగు నలిగి కూర్చుంటుంది కాబట్టి వారం తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు కింది నట్లు రెండూ సమానంగా ఒక్కసారి చూడు, బలం పెట్టకు, మళ్ళీ వంగుతుంది.

గోదారి పద్మిని
అలాగే అన్నా. 415 కిలోమీటర్లకి ముప్పై మూడు లీటర్లు పట్టింది, అంటే పన్నెండున్నర. వెనక ప్లగ్గుల ఫోటో ఆదివారం పెడతాను.